నెలవంక: లెక్కకు అందేది, కంటికి అందేది

"చంద్రుని మీద నౌకను దించగలిగిన శాస్త్రజ్ఞులు పండుగ ఏ రోజో ముందుగా ఎందుకు చెప్పలేరు?" రంజాన్ మాసం చివరి దినాలు వచ్చేసరికి ఈ ప్రశ్న తరగతి గదులలోను, ఇండ్లలోను, టీ దుకాణాల వద్దను ఏటేటా వినవస్తూనే ఉంటుంది. అడిగేవారిలో కొందరు శాస్త్రాన్ని ఎత్తిపొడవడానికి అడుగుతారు. మరికొందరు పెద్దల ఆచారాన్ని ఎత్తిపొడవడానికి అదే ప్రశ్న అడుగుతారు. నిజంగా సమాధానం తెలుసుకొనగోరి అడిగే విద్యార్థులు కూడా లేకపోలేదు. ఈ వ్యాసం వారి కొరకు.

సమాధానం ఒక్క మాటలో చెప్పవచ్చును. ఆ ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నవి. చంద్రుడు ఫలానా క్షణాన ఎక్కడ ఉంటాడన్నది మొదటిది. అక్కడ ఉన్న చంద్రుడు ఫలానా ఊరిలో ఫలానా మనిషి కంటికి కనిపిస్తాడా అన్నది రెండవది. మొదటి దానికి సమాధానం సెకనులతో సహా లభిస్తున్నది. రెండవ దానికి కొన్ని సాయంత్రాలలో మాత్రమే నిశ్చయమైన సమాధానం లభిస్తుంది. ఈ భేదం ఎందుకు ఏర్పడిందో తెలియాలంటే చంద్రుని నడకను కొంచెం వివరంగా చూడవలసి ఉన్నది.

తెలుగు బోధించుకునే వాడికి ఖగోళంతో ఏమి పని అని ఎవరైనా అనవచ్చును. పని ఉన్నది. తెలుగులో 'నెల' అంటే చంద్రుడు. 'నెల' అంటే మాసం కూడా. ఉర్దూకు ఎన్నో మాటలిచ్చిన ఫారసీలో 'మాహ్' అన్న మాటకు సరిగ్గా ఈ రెండర్థాలే ఉన్నవి. ఎక్కడో పుట్టిన రెండు భాషలు ఒకే పని చేశాయంటే, ఆ రెండు భాషల జనం ఒకే గడియారాన్ని చూసి కాలాన్ని కొలుచుకున్నారని అర్థం. ఆ గడియారం ఆకాశంలో ఉన్నది. దానికి ఒక్కటే ముల్లు.

ముందుగా కొలతలు. భూమి వ్యాసం సుమారు 12,742 కిలోమీటర్లు. చంద్రుని వ్యాసం 3,474 కిలోమీటర్లు. రెండింటి మధ్య సగటు దూరం 3,84,400 కిలోమీటర్లు. ఈ అంకెలను కంఠస్థం చేయడం కంటె మన కళాశాల మైదానంలో ఒక వాలీబాల్‌ను ఉంచి చూడడం మేలు. వాలీబాల్ భూమి అనుకుంటే, చంద్రుడు ఆరు మీటర్లకు పైచిలుకు దూరంలో పెట్టిన ఒక పెద్ద నిమ్మకాయ. ఆ లెక్కన సూర్యుడు రెండున్నర కిలోమీటర్ల అవతల నిలబెట్టిన, ఏడంతస్తుల మేడంత ఎత్తు గల అగ్నిగోళం. పాఠ్యపుస్తకాల బొమ్మలలో ఈ మూడింటినీ ఒకే పుటలో పక్కపక్కన చూపక తప్పదు గనుక విద్యార్థుల మనసులో కొన్ని పొరపాటు ఊహలు నాటుకుంటున్నవి.

అటువంటి ఊహలలో ముఖ్యమైనది, భూమి నీడ పడటం వలన చంద్రుడు తరుగుతున్నాడన్నది. పట్టభద్రులు సైతం ఈ మాట అనగా విన్నాను. భూమి నీడ చంద్రునిపై పడేది చంద్రగ్రహణం నాడు మాత్రమే. అది పౌర్ణమి నాడు తప్ప రాదు. చంద్రునిలో సగభాగం గ్రహణవేళ తప్ప ఎల్లప్పుడూ సూర్యకాంతిలోనే ఉంటుంది. ఆ వెలుగు సగంలో ఎంత భాగం మన వైపు తిరిగి ఉన్నదన్నదే వృద్ధిక్షయాలకు కారణం. రాత్రివేళ చీకటి గదిలో ఒక దీపం వెలిగించి, బత్తాయి పండును చేతితో చాచి పట్టుకొని, నిలుచున్న చోటనే మెల్లగా ఒక చుట్టు తిరగండి. దీపం వైపు చేయి చాచినపుడు పండులో మనకు కనిపించేది చీకటి ముఖం; అది అమావాస్య. కొంచెం ఎడమకు తిరగగానే పండు అంచున సన్నని వెలుగు గీత కనిపిస్తుంది, అది నెలవంక. పావు చుట్టు తిరిగేసరికి సగం పండు వెలుగుతుంది. దీపానికి వీపు పెట్టి, చేతిని తల కంటె పైకెత్తి పట్టుకుంటే పౌర్ణమి. చేతిని దించితే మన తల నీడ పండుపై పడి గ్రహణం పడుతుంది. అయిదు నిమిషాల పని. నా అనుభవంలో అయిదు ఉపన్యాసాల కంటె ఎక్కువ ఫలితం ఇచ్చింది.

ఈ ప్రయోగం చేసినవారికి మరొక సంగతి కూడా బోధపడుతుంది. నెలవంక కొమ్ములు ఎప్పుడూ సూర్యునికి ఎదురు దిక్కునకే చూస్తాయి. ఆ కొమ్ముల నడుమ ఉన్నది ఖాళీ ఆకాశం కాదు, చంద్రుని చీకటి భాగమే. కనుక కొమ్ముల మధ్య నక్షత్రం ఉండటం జరగని పని. పండుగ శుభాకాంక్షల కార్డులు చిత్రించేవారు ఈ నియమాన్ని ఎన్నడూ పాటించలేదు. కళాకారుల స్వేచ్ఛ అని మనం ఊరకుందాము. సన్నని నెలవంకలోని ఆ చీకటి భాగం ఒక్కొక్కప్పుడు బూడిదరంగులో లీలగా కనిపిస్తుంది. అది భూమి నుండి ప్రతిఫలించి చంద్రుని చేరిన వెలుగు. మనకు వెన్నెల ఉన్నట్లే అక్కడ భూవెన్నెల ఉన్నది.

ఇక నడక. చంద్రుడు నక్షత్రాల మధ్య ఒక చుట్టు తిరిగి బయలుదేరిన చోటికి చేరడానికి 27 రోజుల 7 గంటల 43 నిమిషాలు పడుతుంది. కాని ఒక అమావాస్య నుండి మరొక అమావాస్యకు సగటున 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు పడుతుంది. ఈ రెండు రోజులకు పైబడిన తేడా ఎక్కడిది? గడియారాన్ని చూడండి. సరిగ్గా 12 గంటలకు రెండు ముళ్ళూ కలిసి ఉంటాయి. గంట గడిచేసరికి పెద్దముల్లు తిరిగి 12 దగ్గరకు వస్తుంది. కాని చిన్నముల్లు ఈలోగా 1 దగ్గరకు జరిగిపోయింది. దానిని అందుకోవడానికి పెద్దముల్లుకు మరో అయిదు నిమిషాలకు పైగా కావాలి. ఆకాశంలో చంద్రుడు పెద్దముల్లు, సూర్యుడు చిన్నముల్లు. చంద్రుడు తన చుట్టు ముగించుకొని వచ్చేలోగా, భూమి సూర్యుని చుట్టూ నడవడం వలన, మనకు సూర్యుడు నక్షత్రాల మధ్య కొంత ముందుకు జరిగినట్లు కనిపిస్తాడు. చంద్రుడు రోజుకు సుమారు 13 డిగ్రీలు, సూర్యుడు సుమారు ఒక డిగ్రీ కదులుతారు. అంటే చంద్రుడు సూర్యుని నుండి రోజుకు సగటున 12 డిగ్రీలు దూరమవుతాడు. ఈ 12 అన్న అంకెను పాఠకులు గుర్తుంచుకోవలెను. వ్యాసమంతా దాని చుట్టే తిరుగుతుంది.

మాసానికి ఇరవైతొమ్మిదిన్నర రోజులు. కాని పంచాంగంలో అరరోజు ఉండదు. అందుచేత నెలకు 29 గాని 30 గాని రోజులు రావాలి. ఒకటి విడిచి ఒకటిగా వస్తే చిక్కే లేకపోయేది. చంద్రుని మార్గం దీర్ఘవృత్తం. భూమికి దగ్గరగా ఉన్నపుడు వేగంగా, దూరంగా ఉన్నపుడు నెమ్మదిగా నడుస్తాడు. భూమి మార్గం కూడా అంతే. అందువలన అమావాస్య నుండి అమావాస్యకు పట్టే కాలం ఒకప్పుడు 29 రోజుల 7 గంటలకు లోపుగాను, ఒకప్పుడు 29 రోజుల 19 గంటలకు పైగాను ఉంటుంది. వరుసగా రెండు మూడు నెలలు ముప్పై రోజులు రావచ్చును. ఇందులో చంద్రుని తప్పు లేదు, లెక్కకట్టేవారి తప్పూ లేదు.

ఇటువంటి నెలలు పన్నెండు కలిపితే 354 రోజుల పైచిలుకు. సౌర సంవత్సరానికి ఇది సుమారు 11 రోజులు తక్కువ. హిజ్రీ గణనలో ఈ లోటును పూడ్చరు. అందుచేత రంజాన్ మాసం ఎండాకాలంలోను, వానాకాలంలోను, చలికాలంలోను క్రమంగా తిరుగుతూ దాదాపు 33 సంవత్సరాలకు మొదటి ఋతువుకు వస్తుంది. తెలుగు పంచాంగంలో ఆ లోటును అధికమాసంతో పూడ్చుకుంటారు. అందుచేత ఉగాది వసంతాన్ని విడిచిపోదు. 2023లో శ్రావణం రెండుసార్లు వచ్చినది ఇందుకే. లోటు ఒక్కటే, ఒకరు దానిని పూడ్చుకున్నారు, ఒకరు దానితో పాటు నడిచారు. చంద్రుణ్ణి మాత్రం ఇద్దరూ విడిచిపెట్టలేదు.

అమావాస్య అంటే సూర్యచంద్రులు ఆకాశంలో ఒకే రేఖాంశంలోకి వచ్చే క్షణం. అది ఒక రోజు కాదు, ఒక రాత్రి కాదు, ఒక్క క్షణం. ప్రపంచమంతటికీ అదే క్షణం. ఆ క్షణాన చంద్రుని వెలుగు ముఖం అటువైపు ఉంటుంది గనుక మనకు కనిపించడు. కనిపించని ఆ క్షణాన్ని లెక్క సరిగానే పట్టుకున్నదని నమ్మడం ఎలా? సూర్యగ్రహణమే సాక్ష్యం. చంద్రుని మార్గం సూర్యమార్గానికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉన్నందువలన చాలా అమావాస్యలలో చంద్రుడు సూర్యునికి కొంచెం పైగానో కిందుగానో జరిగిపోతాడు. ఎప్పుడైనా రెండు మార్గాలు కలిసే చోట అమావాస్య సంభవిస్తే అది గ్రహణమై కంటికి కనిపిస్తుంది.

ఈ సాక్ష్యం మన తెలుగునేల మీదనే రెండుసార్లు ఘనంగా నమోదయింది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సముద్రాలు దాటి గుంటూరు వచ్చాడు. గ్రహణం ఫలానా రోజున, ఫలానా చోట, ఫలానా వేళకు పడుతుందన్న లెక్కను నమ్మి వచ్చాడు, లెక్క తప్పలేదు. ఆ గ్రహణ పరిశీలనలు, అదే సంవత్సరం ఇంగ్లండులో లాక్యర్ చేసిన పరిశీలనలు కలిసి హీలియం అనే మూలకం ఉనికికి దారి చూపినవి. భూమి మీద దొరకక ముందే సూర్యునిలో దొరికిన మూలకం అది. మరల 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణం మన ప్రాంతం మీదుగా సాగినపుడు ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జపాల్-రంగాపూర్ వేధశాల పరిశీలకులకు కేంద్రమైనది. ఆ వేధశాలకు మాతృక హైదరాబాదులోని నిజామియా వేధశాల. 1901లో నవాబు జఫర్ జంగ్ సొంత ఆసక్తితో దానిని నెలకొల్పాడు. నక్షత్రాల స్థానాలను ఛాయాచిత్రాలపై కొలిచి పట్టికలు తయారుచేసే అంతర్జాతీయ కృషిలో తన వంతు పాలును అది నెరవేర్చింది. ఈ సంగతి మన విద్యార్థులలో పదిమందికైనా తెలుసునో లేదో!

గ్రహణాన్ని ఇంత కచ్చితంగా చెప్పగలిగినపుడు అమావాస్య క్షణం విషయంలో వివాదానికి తావు లేదు. వివాదం దాని తరువాత మొదలవుతుంది. అమావాస్య దాటిన వెంటనే నెలవంక 'పుట్టింది' అంటాము. కాని పుట్టిన శిశువు అప్పుడే వీధిలోకి రాడు గదా! సూర్యుని నుండి తగినంత దూరం జరిగితేనే వెలుగు గీతకు కొంత మందం వస్తుంది. సూర్యుడు అస్తమించిన తరువాత కొంతసేపైనా చంద్రుడు క్షితిజానికి పైన ఉంటేనే, సంధ్యాకాంతి తగ్గి ఆ గీత కంటికి ఆనుతుంది. ఎంత దూరం, ఎంతసేపు?

దీనికి మన దేశపు ప్రాచీన సిద్ధాంత గ్రంథాలు ఇచ్చిన సమాధానం 12. సూర్యాస్తమయానికి, చంద్రాస్తమయానికి మధ్య వ్యవధిని డిగ్రీలలోకి మార్చితే కనీసం 12 ఉండాలి. అంటే 48 నిమిషాలు. సూర్యసిద్ధాంతంలో చంద్రునికి చెప్పిన కాలాంశలు ఇవే. ఒక తిథి అంటే సూర్యచంద్రుల మధ్య 12 డిగ్రీల ఎడం. కొలిచే పద్ధతి వేరైనా అంకె అదే కావడం గమనించదగినది. పాడ్యమి ముగియడమంటే చంద్రుడు సూర్యునికి 12 డిగ్రీల దూరం చేరడమే. మన పల్లెలలో పెద్దలు పాడ్యమి చంద్రుణ్ణి వెదకరు. 'విదియ చంద్రుడు' అని చూస్తారు. నెలపొడుపు అని తెలుగువారు అనేది, హిలాల్ అని అరబ్బులు అనేది ఒకే వెలుగు గీతను.

ఈ నియమం ఇక్కడే ఆగలేదు. క్రీస్తుశకం ఎనిమిదవ శతాబ్దంలో అబ్బాసీ ఖలీఫా మన్సూర్ కాలంలో భారతీయ సిద్ధాంతం ఒకటి బాగ్దాదు చేరి 'సింద్‌హింద్' అన్న పేరుతో అరబ్బీలోకి వెళ్ళింది. తరువాతి శతాబ్దంలో అల్ ఖ్వారిజ్మీ దాని ఆధారంగా పట్టికలు రచించాడు. నెలవంక దర్శనాన్ని గురించి తొలినాటి ముస్లిం ఖగోళజ్ఞులు స్వీకరించినది ఈ 48 నిమిషాల భారతీయ నియమమే. ఆ పిదప అల్ బత్తానీ మొదలైనవారు అది సరిపోదని గ్రహించారు. చంద్రుని దూరాన్ని, ఎత్తును, గీత మందాన్ని కూడా లెక్కలోకి తీసుకొని దానిని మెరుగుపరిచారు. హిలాల్‌ను చూడడం ధర్మకార్యమైనందువలననే వారు ఈ లెక్కకు అంతగా శ్రమపడ్డారు. లెక్క వేరు, మతం వేరు అని పోట్లాడుకోవడం వారి కాలంలో లేదు.

ఆధునిక కాలంలో డాంజాన్ అనే ఫ్రెంచి ఖగోళజ్ఞుడు 1930 ప్రాంతాలలో పరిశీలనలను పోల్చి చూసి, సూర్యచంద్రుల మధ్య ఎడం సుమారు 7 డిగ్రీలకు తక్కువైతే నెలవంక కనిపించదని తేల్చాడు. ఆ స్థితిలో గీత ఎంత పలుచనగా ఉంటుందంటే, ఉన్న కొద్ది వెలుగు చుట్టూ ఉన్న ఆకాశపు వెలుగులో కలిసిపోతుంది. సాధారణ దృష్టి గలవారికి మామూలు ఆకాశంలో 10 డిగ్రీలకు పైగా ఎడం కావాలి. 1997లో యాలప్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు అప్పటివరకు నమోదైన 295 పరిశీలనలను జల్లించి సాయంత్రాలను ఆరు తరగతులుగా విభజించాడు. సులభంగా కనిపించే సాయంత్రం మొదటిది. దుర్భిణితో కూడా సాధ్యం కాని సాయంత్రం చివరిది. నడుమ ఉన్నవన్నీ 'అయితే' అన్న మాటతో కూడినవే. ఆకాశం నిర్మలంగా ఉన్నట్లయితే, చూసేవాడికి అనుభవం ఉన్నట్లయితే, ఎక్కడ చూడాలో ముందుగా తెలిసినట్లయితే...

యంత్రం సంగతి వేరు. 2013 జూలై 8న లెగోల్ట్ అనే ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు సరిగ్గా అమావాస్య క్షణాననే, పట్టపగలు, పరారుణ కాంతిలో నెలవంక చిత్రాన్ని తీశాడు. నెలవంక ఎప్పుడూ అక్కడే ఉంటుందని, కంటికి అందకపోవడమే జరుగుతుందని చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కర లేదు.

ఇప్పుడు మనందరికీ జ్ఞాపకమున్న ఒక సంవత్సరాన్ని తీసుకొని పరిశీలిద్దాము. 2023 మార్చి 21 రాత్రి 10 గంటల 53 నిమిషాలకు, మన కాలమానం ప్రకారం, అమావాస్య క్షణం గడిచింది. మరునాడు మార్చి 22న హైదరాబాదులో సూర్యాస్తమయానికి నెలవంక వయస్సు సుమారు పంతొమ్మిదిన్నర గంటలు. ఇది నడిమి తరగతి సాయంత్రం. అసాధ్యం కాదు, సులభమూ కాదు. దేశంలోని చాలా ప్రాంతాలలో దర్శనం ధ్రువపడలేదు. 24వ తేదీ నుండి ఉపవాసాలు ప్రారంభమైనవి. మరుసటి అమావాస్య ఏప్రిల్ 20 ఉదయం 9 గంటల 43 నిమిషాలకు. ఆ రోజున ఆస్ట్రేలియా పడమటి అంచున సూర్యగ్రహణం కూడా కనిపించింది. ఆనాటి సాయంత్రం హైదరాబాదులో నెలవంక వయస్సు సుమారు తొమ్మిది గంటలు, ఎడం 5 డిగ్రీలకు అటూ ఇటూ. మబ్బు లేకున్నా, ఎంతటి చూపు ఉన్నా, మన కంటికి అందనిది. మరునాడు 21న వయస్సు 33 గంటలు. సూర్యుడు అస్తమించిన తరువాత గంటకు పైగా పడమటి ఆకాశంలో నిలిచినది. 22న పండుగ. ఒకే సంవత్సరంలో ఒక సందేహపు సాయంత్రం, ఒక అసాధ్యపు సాయంత్రం, ఒక నిస్సందేహపు సాయంత్రం వచ్చినవి. మొదటి దాని విషయంలో శాస్త్రం చెప్పగలిగినది 'కావచ్చును' అన్న మాట మాత్రమే. తక్కిన రెండింటి విషయంలో శాస్త్రానికి సంకోచం లేదు.

వేరు వేరు దేశాలలో వేరు వేరు రోజులు రావడాన్ని కూడా ఇక్కడే అర్థం చేసుకోవచ్చును. చంద్రుడు సూర్యుని నుండి గంటకు దాదాపు అర డిగ్రీ చొప్పున దూరమవుతాడు. మక్కాలో సూర్యుడు హైదరాబాదు కంటె రెండున్నర గంటలు ఆలస్యంగా అస్తమిస్తాడు. అప్పటికి చంద్రుడు ఒక డిగ్రీకి పైగా ముందుకు జరిగి ఉంటాడు. సందేహపు సాయంత్రంలో ఆ ఒక్క డిగ్రీ చాలును. పడమటికి పోయిన కొద్దీ అవకాశం పెరుగుతుంది. భూగోళం గుండ్రంగా ఉన్నంతకాలం ఒకే సాయంత్రం అందరికీ ఒకేసారి నెలవంక కనిపించడం జరగదు.

కన్నుతో చూడడమే ప్రమాణమా, లెక్క చాలునా అన్నది ఉలమాల పరిధిలోని విషయం. టర్కీలో లెక్క మీదనే మాసాలను ముందుగా నిర్ణయించుకుంటారు. మన దేశంలో రూయతే హిలాల్ కమిటీలు సాక్ష్యాలను విచారించి ప్రకటిస్తాయి. ఆ తీర్పులో తలదూర్చడం ఈ వ్యాసకర్త పని కాదు. ఒక్క మాట మాత్రం అనదలచుకున్నాను. లెక్క సాక్ష్యానికి శత్రువు కాదు. అసాధ్యమని తేలిన సాయంత్రాన వచ్చిన సాక్ష్యాన్ని మరింత జాగ్రత్తగా విచారించడానికి, సందేహపు సాయంత్రాన సరిగ్గా ఏ దిక్కున, ఎంత ఎత్తున చూడాలో తెలుసుకోవడానికి లెక్క తోడ్పడుతుంది.

ఇక నౌకల సంగతి. చంద్రునిపై దిగేవారికి కూడా ఈ ఇరవైతొమ్మిదిన్నర రోజులే పంచాంగం. చంద్రుడు తన ఒకే ముఖాన్ని ఎల్లప్పుడూ మనవైపు తిప్పి ఉంచుతాడు గనుక అక్కడ ఒక సూర్యోదయం నుండి మరొక సూర్యోదయానికి పట్టే కాలం ఇరవైతొమ్మిదిన్నర భూదినాలు. అందులో పగలు సగం. మన చంద్రయాన్-3 శ్రీహరికోట నుండి 2023 జూలై 14న బయలుదేరింది. విక్రమ్ ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతానికి చేరువలో, సుమారు 69 డిగ్రీల దక్షిణ అక్షాంశంలో దిగింది. ఆ రోజే ఎందుకు? సౌరశక్తితో పనిచేసే ఆ యంత్రానికి పగలు మొత్తం కావాలి; దిగే చోట అప్పుడే తెల్లవారింది. ఆనాడు మన పంచాంగంలో శ్రావణ శుద్ధ సప్తమి. ఆ సాయంత్రం తల పైకెత్తి చూసినవారికి అర్ధచంద్రుడు కాబోతున్న చంద్రుడు కనిపించాడు. పక్షం రోజుల లోపుగా అక్కడ పొద్దు గుంకే వేళ అయినది. సెప్టెంబరు మొదటివారంలో ప్రజ్ఞాన్‌ను, విక్రమ్‌ను నిద్రపుచ్చారు. మైనస్ 150 డిగ్రీల కంటె దిగువకు పోయే ఆ సుదీర్ఘ రాత్రి తరువాత అవి మరల మేల్కొనలేదు.

ఆ కొద్ది రోజులలోనే మట్టిలో గంధకం ఉన్నట్లు నిర్ధారణ అయింది. ఉపరితలానికి కొన్ని సెంటీమీటర్ల లోతుననే ఉష్ణోగ్రత ఎంతగా పడిపోతుందో తెలిసింది. అంతకు ముందు 2008 అక్టోబరు 22న బయలుదేరిన చంద్రయాన్-1, నీటి అణువుల జాడను గుర్తించడంలో తోడ్పడింది. 2009 సెప్టెంబరులో ఆ సంగతి వెల్లడైనది. నడుమ 2019లో చంద్రయాన్-2 విక్రమ్ దిగుతూ కూలిపోయినది కూడా మన చరిత్రలోనిదే.

లెక్క ఇంత సూక్ష్మంగా ఎలా కుదిరింది? 1969 జూలైలో అపోలో-11లో వెళ్ళినవారు, 1971లో అపోలో-14, 15లలో వెళ్ళినవారు చంద్రునిపై అద్దాల పలకలను ఉంచి వచ్చారు. భూమి నుండి లేజరు కాంతిని పంపితే అది ఆ పలకలపై పడి తిరిగివస్తుంది. పోయి రావడానికి పట్టే కాలం రెండున్నర సెకనులు. ఆ కాలాన్ని కొలిచి దూరాన్ని సెంటీమీటర్ల లెక్కలో చెబుతున్నారు. చంద్రుడు ఏడాదికి 3.8 సెంటీమీటర్ల చొప్పున మన నుండి దూరమవుతున్నాడని కూడా ఆ అద్దాలే తెలిపినవి. విక్రమ్ మీద కూడా అటువంటి చిన్న పరికరం ఒకటి ఉన్నది. చంద్రుని చుట్టూ తిరుగుతున్న అమెరికా నౌక నుండి 2023 డిసెంబరు 12న పంపిన కాంతి దానిపై పడి తిరిగి చేరింది. నిద్రపోయిన విక్రమ్ ఆ విధంగా ఒక మైలురాయిగా మిగిలింది.

కళాశాల కార్యవర్గం వారికి ఈ సందర్భంలో ఒక మనవి. మామూలు పది రెట్లు చూపే ద్వినేత్ర దుర్భిణి ఒకటి, ఒక గట్టి నోటుపుస్తకం కొనిపెడితే చాలును. ప్రతి చాంద్రమాసం 29వ సాయంత్రం ఇద్దరు ముగ్గురు విద్యార్థులు మిద్దె మీదికి వెళ్ళి చూడాలి. ఒకరు ఉర్దూ మాధ్యమం వారు, ఒకరు తెలుగు మాధ్యమం వారు అయితే మరీ మంచిది. తేదీ, సూర్యాస్తమయ సమయం, ఆకాశం స్థితి, నెలవంక కనిపించిన నిమిషం, లేదా కనిపించలేదన్న మాట వ్రాసి సంతకం చేయాలి. కనిపించలేదన్న నమోదు కూడా కనిపించిన దానంత విలువైనదే. యాలప్ జల్లించిన ఆ 295 పరిశీలనలలో రెండు రకాలవీ ఉన్నవి. పదేళ్ళు ఇట్లా వ్రాస్తే మన ఊరి ఆకాశానికి మన లెక్క మనకు ఏర్పడుతుంది.

చూసేవారు పాటించవలసినవి కొద్దిగానే ఉన్నవి. సూర్యుడు పూర్తిగా అస్తమించే వరకు దుర్భిణిని పడమటి వైపు ఎత్తరాదు. క్షణంలో చూపు పోగలదు. అస్తమించిన చోటును ఒక చెట్టుతోనో మినారుతోనో గుర్తు పెట్టుకొని, ఇరవై నిమిషాల తరువాత ఆ చోటికి పైన, చేయి చాచి పట్టిన పిడికిలి వెడల్పు మేరకు వెదకాలి. పిడికిలి వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. మన అక్షాంశాలలో నెలవంక నిలువు కొడవలివలె కాక, ముఖ్యంగా మార్చి, ఏప్రిల్ నెలలలో, పడవవలె వెల్లకిలా కనిపిస్తుందని గుర్తుంచుకోవలెను. దొరికిన తరువాత అక్కడితో ఆపవద్దు. ఏడవ, ఎనిమిదవ రాత్రి అర్ధచంద్రునిపై వెలుగు చీకట్లు కలిసే గీత వెంబడి, నడిమికి కొంచెం దక్షిణంగా, నీడతో నిండిన ఒక పెద్ద గుంట కనిపిస్తుంది. చిన్న టెలిస్కోపు ఉంటే స్పష్టంగా తెలుస్తుంది. 1651లో రిచ్చోలీ అనే ఇటలీ మతాచార్యుడు చంద్రుని పటం గీస్తూ దానికి అల్బటెగ్నియస్ అని పేరుపెట్టాడు. లాటినులో అది మన అల్ బత్తానీ పేరే.